ఆర్నెల్ల అమ్మమ్మలు, అయిదు పిల్లులు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక కిరాణా షాపు, దాని పక్క గోడను ఆనుకుని ఒక చిన్న పిల్లుల షెల్టర్, ఆ షెల్టర్ వెనక గదిలో ఎవరూ తీసుకుపోని అయిదు పిల్లులు, వాటికి నెలాఖరు గడువు. షాపు నాది. పిల్లులు నావి కావు, గడువూ నాది కాదు. అయినా లెక్క నా మెడకే చుట్టుకుంది.

షెల్టర్ నడిపేది డెనీస్ అనే ఆవిడ. నా పేరు చక్రపాణి అయితే ఆవిడకు నోరు తిరగక 'చక్' చేసింది. ఒక సోమవారం ఉదయం షాపు తెరవగానే చేతిలో పోస్టర్లతో వచ్చింది. బిల్డింగ్ ఓనర్ షెల్టర్ వెనక గదిని తిరిగి తీసుకుంటున్నాడట. ఆ గదిలో ఉండేవి జబ్బులున్నవీ, అవకరమున్నవీ. నెలాఖరులోగా వాటికి ఇళ్ళు దొరక్కపోతే దూరంగా ఉన్న పెద్ద షెల్టర్లకు పంచెయ్యాలి.

"అక్కడ వాటికి ఏమవుతుంది?" అని అడిగాను.

"అక్కడ ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే చోటు చాలదు, చక్" అంది. మిగతాది నాకు అర్థమైంది: చోటు దొరకనివాటికి సూది వేసి చంపేస్తారు.

పోస్టర్ చదివాను. పాతికేళ్ళుగా సరుకు అమ్ముతున్నవాణ్ణి, అలాంటి పోస్టర్ నేనెప్పుడూ చూడలేదు. 'గుడ్డిది.' 'మూడు కాళ్ళు.' 'నడిస్తే తూలుతుంది.' 'రోజుకు రెండుసార్లు ఇన్సులిన్.' 'వెనక కాళ్ళు పడిపోయాయి, మూత్రం మనమే నొక్కి తీయాలి.'

"ఇలా రాస్తే ఎవరు తీసుకుంటారు?"

"దాచిపెట్టి ఇస్తే వారంలో తిరిగొస్తాయి."

అది నాకు వెంటనే ఎక్కింది. లోపం దాచి అమ్మిన సరుకు వాపసు వస్తుంది, వచ్చేటప్పుడు మన పేరు కూడా పోగొట్టి వస్తుంది. డెనీస్ పద్ధతి సరైనదే. మరి లోటు ఎక్కడ? గిరాకీని తప్పు చోట వెతుకుతోంది. సాయంత్రం ఆఫీసుల నుంచి అలిసిపోయి వచ్చేవాళ్ళకు ఆ పోస్టర్ చూపిస్తోంది. వాళ్ళకు తమ అన్నం తినడానికే టైముండదు.

ఆవిడతో వెళ్ళి గది చూశాను. గుడ్డి పిల్లి హెన్రీ గోడ వెంబడి మీసాలు తగిలించుకుంటూ నడుస్తోంది. మూడు కాళ్ళ పికిల్ అరల మీదికి ఎగబాకుతోంది. వాఫుల్ అనేది పుట్టుకతోనే తూలుడు పిల్లి, నా బూటు మీదికి రావాలని బయల్దేరి రెండుసార్లు పక్కకు పడి మూడోసారి వచ్చింది. జూన్‌కి షుగరు. బాబిన్ అనే నల్లది వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ, ముందు కాళ్ళతోనే గది ఆ చివరి నుంచి ఈ చివరికి మా షాపులో ట్రాలీ కంటే వేగంగా వచ్చింది.

"వీటికి అసలు కావలసిందేమిటి?" అన్నాను.

"పగటిపూట ఇంట్లో ఒక మనిషి. వేళకు మందు, వేళకు తిండి. తొందర లేని మనిషి. అంతే."

తొందర లేని మనుషులా? ఆ సరుకు నా షాపులో దండిగా ఉంది.

మా వాళ్ళ పద్ధతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఇంట్లో పసిపిల్లలుంటారు. అందుకని ఇండియా నుంచి మొదట అమ్మాయి తల్లిదండ్రులు ఆర్నెల్లు వస్తారు, వాళ్ళ వీసా గడువు అవగానే అబ్బాయి తల్లిదండ్రులు దిగుతారు. ఎయిర్‌పోర్టులో ఒక జంటను దించి, అదే వారం ఇంకో జంటను ఎక్కించుకునే ఇళ్ళు నాకు తెలుసు. పిల్లలు డేకేర్‌కి వెళ్ళడం మొదలెట్టాక ఆ పెద్దవాళ్ళకు పగలంతా పని ఉండదు. కారు నడపలేరు. నడిచి నా షాపుకు వచ్చి, ఒక కట్ట కరివేపాకు కొని, కూరగాయలన్నీ పలకరించి వెళ్తారు.

ఆ రోజు మొదట దొరికింది పరంధామయ్యగారు. కరీంనగర్ మనిషి. కొడుకు శ్రేయాస్ దగ్గరకు వచ్చి మూడో నెల. వంకాయలు ఏరుతూ ఒక్కటీ కొనడం లేదు.

"పరంధామయ్యగారూ, మీరు ఇన్సులిన్ సొంతంగానే తీసుకుంటారు కదా?"

"ఇరవై ఏండ్లాయె. ఎందుకు, నీక్కూడ షుగర్ వచ్చిందా?"

"నాకు కాదు. ఒక పిల్లికి."

ఆయన వంకాయ కింద పెట్టారు. "పిల్లికి షుగరా? అదేం తిన్నదయ్యా, జిలేబీలా?"

నవ్వుతూనే నా వెనక వచ్చారు. డెనీస్ జూన్‌ని ఒళ్ళో పెట్టుకుని, మెడ వెనక తోలు పైకి పట్టి, సూది ఎలా వేయాలో చూపించింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని చూశారు.

"దీని సూది నా సూది కన్న సన్నగున్నది. పొద్దున నాకు పొడుసుకున్నంక దీనికి పొడుస్త. రాత్రి గంతే. ఇద్దరికి ఒక్కటే టైము, ఒక్కటే పథ్యం. చక్రపాణీ, మావోనికి ఫోన్ కొట్టు."

శ్రేయాస్ ఆఫీసు మీటింగు మధ్యలో తీశాడు. "నాన్నా, మీరు ఫిబ్రవరిలో వెళ్ళిపోతారు. తర్వాత ఎవరు చూస్తారు?"

"ఫిబ్రవరిల మీ అత్తమ్మోళ్ళు వస్తున్నరు కదరా. మీ మామకు బీపీ ఉన్నదన్న మాటేగాని సూది వేసుడు నేర్చుకోలేడా?"

డెనీస్‌కి ఈ మాటలు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "అంటే ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారా? ఏడాదంతా?"

"ఏడాదంతా. షిఫ్టులు మారతాయి, మనిషి మాత్రం ఇంట్లో ఉంటారు."

ఆవిడ అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుంది. కాగితాలు కొడుకు పేరు మీద, పని తండ్రి చేతుల్లో, తరవాతి షిఫ్టు వియ్యంకులది. అలాంటి ఒప్పందం ఆవిడ ఎన్నడూ చేయలేదట. నేనూ చేయలేదు. కాని కొత్త దారి దొరికినప్పుడు వ్యాపారికి కాళ్ళ కింద నేల వేడెక్కుతుంది. ఆ మధ్యాహ్నమే జూన్ శ్రేయాస్ ఇంటికి వెళ్ళింది.

రెండో రోజు హెన్రీకి కుదిరింది. వెంకటస్వామిగారు, ఆయన భార్య. ఆవిడకు చూపు తగ్గింది, ఇల్లంతా వస్తువులు ఎక్కడివి అక్కడే ఉండాలంటారు. గుడ్డి పిల్లికి కావలసింది సరిగ్గా అదే. వాళ్ళ అల్లుడికి మాత్రం ఒక అనుమానం వచ్చింది.

"అంకుల్, వచ్చే నెల నా వీసా స్టాంపింగ్ ఉంది. పొద్దున్నే బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే?"

"రోజూ ఎదురొచ్చే దానికి శకునమేంటి బాబూ" అన్నారు వెంకటస్వామిగారు. "మీ అత్తగారు రోజూ ఎదురొస్తున్నారు, నీకేమైనా అయిందా?"

మూడోది వాఫుల్. దాన్ని తీసుకున్నది సుధమ్మగారు. గుంటూరు మనిషి. కూతురు నమ్రత పురుటికి వచ్చారు. పాపకు ఇంకా నెల నిండలేదు. వాఫుల్ తూలుతూ వచ్చి ఆవిడ చీర కుచ్చెళ్ళలో పడింది. "అయ్యో నా తల్లీ" అని ఎత్తుకున్నారు, మళ్ళీ దించలేదు. ఒక్క వారంలో మూడు. డెనీస్ గోడ మీది పోస్టర్లు ఒక్కొక్కటే చింపుతుంటే నాకు దసరా అమ్మకాలప్పుడు కూడా రానంత హుషారు వచ్చింది. మా ఆవిడ చాముండేశ్వరి మాత్రం "ఏమండీ, పెసరపప్పు అయిపోయి రెండు రోజులైంది, అది కూడా కాస్త చూడండి" అంది.

వాఫుల్ వెళ్ళిన నాలుగో రోజుకు లెక్క తలకిందులైంది.

డెనీస్ షాపులోకి వచ్చిన తీరు చూసే తెలిసింది. వాఫుల్‌కి విరేచనాలు, వాంతులు. నమ్రత భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఏం పెట్టారని అడిగితే అసలు సంగతి బయటపడింది. సుధమ్మగారు శాకాహారి. డెనీస్ ఇచ్చిన డబ్బా మూత తీయగానే చేప వాసన వచ్చింది. పసిపాప ఉన్న ఇంట్లో ఆ వాసనేమిటని మూత పెట్టేశారు. పిల్లి కదా, పాలు పోశారు. తాగింది. పెరుగన్నం కలిపి పెట్టారు. తింది. బాగా తింటోందని మర్నాడు ఆవాలు, అల్లం తాలింపు వేసి పెట్టారు.

"పాలు పిల్లులకు పడవు, చక్. పెరుగు, అన్నం, మసాలా." డెనీస్ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "వాఫుల్ కోలుకుంటుంది. కానీ ఇది ఇక్కడితో ఆపేద్దాం. ఇచ్చిన రెండూ కూడా వెనక్కి తీసుకుంటాను."

"జూన్ బాగానే ఉంది. పొద్దున పరంధామయ్యగారు చెప్పారు."

"ఇవాళ బాగుంది. రేపు ఆయన ఏం పెడతాడో నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ వెళ్ళాక నేను బియ్యం బస్తాల దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాను. తప్పెవరిది? మా ఊళ్ళలో పిల్లి పాలు తాగుతుందన్నది పుట్టినప్పటి నుంచి విన్నదే. సుధమ్మగారికి ఇంకోలా ఎవరు చెప్పారు? డెనీస్ నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చింది. నేను దాన్ని తెలుగులో చెప్పకుండా సరుకు దాటించాను. వాడే పద్ధతి చెప్పకుండా అమ్మింది నేను. గడువుకు ఇంక ఆదివారం ఒక్కటే మిగిలింది. సోమవారం గది తాళాలు ఓనర్‌వి.

రెండు రోజులాగి షెల్టర్‌కి వెళ్ళాను. అక్కడ సుధమ్మగారు నాకంటే ముందే ఉన్నారు. వాఫుల్ బోను ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, నీళ్ళ గిన్నెలు ముందేసుకున్నారు. డాక్టరు దగ్గర్నుంచి వాఫుల్ తిరిగి షెల్టర్‌కే వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున వస్తున్నారట. డెనీస్‌కి తెలుగు రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకే గదిలో మాట్లాడకుండా పిల్లుల పని చేసుకుంటున్నారు. ఒకరు బోను తుడుస్తున్నారు, ఒకరు నీళ్ళ గిన్నెలు కడుగుతున్నారు.

"నన్ను తిట్టమని చెప్పు బాబూ ఆవిణ్ణి" అన్నారు సుధమ్మగారు. "తిట్టకుండా ఇలా ఊరుకుంటే నాకు అన్నం సయించట్లేదు."

ఆ మాట డెనీస్‌కి చెప్పాను. ఆవిడ తుడవడం ఆపింది.

"డెనీస్, ఆదివారం పొద్దున ఒక్క గంట ఇవ్వు. నా షాపులోనే. అందరినీ పిలుస్తాను. నువ్వు ఇంగ్లీషులో చెప్పు, నేను తెలుగులో చెప్తాను. చివర నువ్వు ప్రశ్నలడుగు. జవాబు తప్పితే పిల్లుల్ని తీసుకుపో, నేను అడ్డు రాను."

ఆవిడ సుధమ్మగారి వంక చూసి, నా వంక చూసి, "ఒక్క గంట" అంది.

ఆదివారం షాపు ముందు వరస కట్టింది. పెద్దవాళ్ళు, వాళ్ళ పిల్లలు, కార్లలో పసివాళ్ళు. నేను పప్పుల అరల మధ్య బస్తాలు జరిపి కూర్చోబెట్టాను. డెనీస్ ఒక మాట చెప్తుంది, నేను దాన్ని మా భాషలోకి దించుతాను. పాలు వద్దు. పెరుగు వద్దు. ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వొద్దు. ప్రసాదం కూడా పెట్టొద్దు.

"కొంచెం కూడానా?" ఎవరో వెనక నుంచి.

"కొంచెం కూడా."

అప్పుడు శాకాహారం మాట వచ్చింది. దీనికి జవాబు నేను చెప్తే అమ్మేవాడి మాట అవుతుంది. సుధమ్మగారే లేచారు.

"నేను తినను, అది తింటుంది. దాని కడుపు దేవుడు అలా చేశాడు. నా మడి కోసం దానికి జబ్బు చేయించాను. వాసన పడనివాళ్ళు ఎండు గింజల మేత పెట్టండి, చేగోడీ ముక్కల్లాగ ఉంటాయి, వాసన రాదు. దాని గిన్నె, చెంచా వేరే పెట్టుకోండి. చేతులు కడుక్కుంటే పోతుంది."

ఆ తరవాత డెనీస్ ప్రశ్నలు అడిగింది. పరంధామయ్యగారు స్కూలు పిల్లాడిలా చెయ్యెత్తి ప్రతిదానికీ ఆయనే జవాబివ్వబోతే "మీరు కూర్చోండి, మిగతావాళ్ళకు కూడా ఛాన్స్ ఇవ్వండి" అని వెంకటస్వామిగారు కండువా పట్టి లాగారు. తప్పులు రాలేదు. డెనీస్ ముఖం మారడం నేను బస్తా మీద నిలబడి చూశాను. కోలుకున్న వాఫుల్, సుధమ్మగారు సరేనన్నాక, పక్క ఊరు శాన్ రామన్ నుంచి వచ్చిన ఒక జంటకు కుదిరింది. పికిల్ నా భార్య ఒళ్ళో పడుకుని ఉంది. దాని సంగతి నాకు అప్పుడే అర్థమైపోయింది.

మిగిలింది బాబిన్.

డెనీస్ దాన్ని బల్ల మీద పెట్టి, పొట్ట అడుగున వేళ్ళతో తడిమి, ఎలా నొక్కాలో చూపించింది. రోజుకు మూడు సార్లు. బాబిన్ మెలికలు తిరిగి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ముందుకొచ్చిన ఇద్దరు ముగ్గురూ ప్రయత్నించి వెనక్కి తగ్గారు. గంట అయిపోయింది. డెనీస్ బోను తలుపు తెరిచింది. బాబిన్ రేపు ఎక్కడికి పోతుందో ఆ షాపులో అందరికీ తెలుసు.

"అంత ఎత్తు బల్ల మీద పెడితే అది భయపడదా" అంటూ సుధమ్మగారు వచ్చి, నా సోనామసూరి బస్తాల మధ్య నేల మీద కూర్చున్నారు. కాళ్ళు చాపారు. చీర మోకాళ్ళ దాకా సర్దుకుని, ఇటివ్వమన్నట్టు చేతులు చాపారు.

"అమ్మా, అందరి ముందూ ఏంటిది?" అంది నమ్రత, పాపను భుజాన వేసుకుని.

"నిన్ను ఇలాగే కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోశాను. నీ పిల్లకు పోయనివ్వలేదుగా నువ్వు, టబ్బు తెచ్చుకున్నావు. పోనీలే. ఇది టబ్బు అడగదు."

డెనీస్ బాబిన్‌ని ఆ చాపిన కాళ్ళ మీద, రెండు పిక్కల నడుమ పళ్ళెంలోలా ఉన్న చోట పెట్టింది. బాబిన్ అటూ ఇటూ వెతికింది. పడిపోయే అంచు ఎక్కడా లేదు. తల వాల్చింది. సుధమ్మగారు పొట్ట కింద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కారు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కారు. ఏమీ లేదు. డెనీస్ మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి, రెండు వేళ్ళు కాస్త వెనక్కి జరిపింది. చిన్న నిమ్మకాయంత ఉబ్బు దొరికినట్టుంది. సుధమ్మగారి కళ్ళు పెద్దవయ్యాయి.

తరవాత నేల మీద పరిచిన కాగితాలు తడిశాయి.

"కుళాయి వచ్చింది" అన్నారు పరంధామయ్యగారు. షాపంతా నవ్వులతో ఊగింది. బాబిన్ కదల్లేదు, పిక్కల మధ్య అలాగే పడుకుంది.

డెనీస్ కళ్ళు తుడుచుకుని, అయినా అడగవలసింది అడిగింది. "ఈవిడ ఎప్పుడు వెళ్తారు?"

"మార్చి ఆఖరున" అంది నమ్రత. "డెనీస్, అదే నా భయం కూడా. పాప గదిలోకి రానివ్వకుండా చూసుకోగలను. కానీ అమ్మ వెళ్ళాక ఈ పని నాకు చేతకాదు."

వియ్యాలవారి షిఫ్టు నేను ఊహించి చెప్పలేను. మిగతా పిల్లుల మాట వేరు, ఇది వేరు. నేను నమ్రత భర్త అవినాష్ వైపు చూశాను. అతను అప్పటికే ఫోన్ తీశాడు. ఇండియాలో రాత్రి అయినా వాళ్ళమ్మ వీడియోలోకి వచ్చారు, జుట్టు ముడి వేసుకుంటూ.

"ఏంట్రా, పాప బాగానే ఉందా?"

"పాప బాగానే ఉందమ్మా. నువ్వు ఏప్రిల్ మొదట్లో వచ్చాక ఒక పని చెయ్యాలి. పెద్ద పని."

ఫోన్ కెమెరా బాబిన్ వైపు తిప్పాడు. ఆవిడ ముఖం ఫోన్‌కు దగ్గరగా తెచ్చి చూశారు.

"వదినగారూ" అన్నారు ఫోన్లోంచి, "మీ చెయ్యి అడ్డం వస్తోంది, కనిపించట్లేదు. వేళ్ళు ఎక్కడ పెట్టారో సరిగ్గా చూపించండి. రోజూ చూపించండి, నేను వచ్చేలోపు నేర్చుకుంటాను. ఆ నల్లది నన్ను కరుస్తుందా?"

"కరవదు వదినగారూ. కింద కూర్చోవాలి, అంతే. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మీ మోకాళ్ళ కంటే నయమే."

డెనీస్‌కి అనువాదం అక్కర్లేకపోయింది. కాగితాలు తీసి అవినాష్ ముందు పెట్టింది.

సోమవారం ఉదయం గది తాళాలు ఓనర్‌కి ఇచ్చాం. ఇవాళ్టి దాకా లెక్క ఇది. జూన్ శ్రేయాస్ ఇంట్లోనే ఉంది, ఫిబ్రవరి నుంచి దాని సూది అతని మామగారి చేతిలో; కరీంనగర్‌లో పరంధామయ్యగారిదీ ఇక్కడ దానిదీ, ఇద్దరి షుగరూ అదుపులో ఉంది. హెన్రీ వెంకటస్వామిగారి అల్లుడింట్లో గోడలన్నీ నేర్చుకుంది. ఆ అల్లుడి స్టాంపింగ్ అయింది, దానికి కారణం హెన్రీయేనని ఇప్పుడు అతనే చెప్పుకుంటున్నాడు. వాఫుల్ శాన్ రామన్‌లో కార్పెట్ ఉన్న ఇంట్లో తూలుతోంది, పడినా దెబ్బ తగలదు. బాబిన్‌కి ఏప్రిల్‌లో షిఫ్టు మారింది, వియ్యపురాలికి రెండు రోజుల్లో చెయ్యి తిరిగింది. సుధమ్మగారు ఇప్పుడు గుంటూరు నుంచి రోజూ వీడియోలో తనిఖీ చేస్తారు. నష్టం పద్దులో తడిసిన ఒక బస్తా ఉంది. పికిల్‌ని మా ఆవిడ నా కుర్చీలో పెంచుతోంది, నేను స్టూలుకు మారాను. మొన్న డెనీస్ ఇంకో ఊరి షెల్టర్ ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ వెనక గదిలో పదకొండు ఉన్నాయట. జూన్ నెలలో ఇండియా నుంచి దిగుతున్న జంటలు మా షాపు లెక్కలో పద్నాలుగు. పిల్లుల కంటే చేతులు ఎక్కువున్నాయి, అదీ లాభం.